తల్లిదండ్రులు గమనించగలరు

కొత్త సంవత్సరం ఆరాధన ముగిసి, చర్చి ముందర కట్టిన రంగు కాగితాలు ఇంకా గాలికి తెగకముందే, మా బడి ఉన్న ఊళ్లో చర్చి వీధి సగం ఖాళీ అవుతుంది. జనం ముఠాలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. మళ్లీ ఊరు మొహం చూసేది ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికే. నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో, అక్కణ్ణుంచి అహోబిలం రోడ్డులో ఆటో పట్టుకుని ఆ ఊరి బడికి పోయి వచ్చే టీచర్ని. పేరు పరంజ్యోతి. నాలుగో తరగతి నాది. ఏటా జనవరి వచ్చేసరికి నా బెంచీలు పలచబడటం అలవాటైన సంగతే. అలవాటైంది కదా అని బాధ తగ్గలేదు. అందుకే ఆ ఏడు ఒక్క పిల్లను కూడా పోనివ్వకూడదని పంతం పట్టాను.

పంతమైతే పట్టాను గానీ నా చేతిలో ఉన్నదల్లా సెల్‌ఫోను. తరగతిలో ఏం జరుగుతోందో తల్లిదండ్రులకు ఎప్పటికప్పుడు తెలియజేయాలని మీటింగు పెట్టినప్పుడల్లా మాకు చెబుతారు. సరేనని వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, మొదట్లో రోజూ చక్కగా టైపు చేసి పంపేదాన్ని. ఈరోజు నేర్చుకున్న పాఠం, రేపు చేయబోయే పని, పిల్లలు తెచ్చుకోవాల్సిన వస్తువులు, అన్నీ వరుసగా. ఒకరోజు ఆటోస్టాండు దగ్గర ఒక తండ్రి ఎదురుపడి, "టీచరమ్మా, దినామూ ఏందో పొడుగ్గా పెడ్తాండారు. ఎవురికన్నా బాగలేదా?" అని అడిగాడు. ఆ రోజుతో రాయడం మానేసి మాట్లాడటం మొదలుపెట్టాను.

సాయంత్రం బడి విడిచిపెట్టాక వరండాలో కూర్చుని ఫోనుకు చెప్పేదాన్ని. "నమస్కారం. నేను పరంజ్యోతి టీచర్ని. ఈరోజు మన నాలుగో తరగతిలో..." అని ఎత్తుకుని, పాఠం చెప్పి, ఒక్కొక్క పిల్లవాడి పేరూ పలికి, వాళ్లు ఆ రోజు చేసిన మంచిపని ఏదో ఒకటి చెప్పేదాన్ని. కొందరికి వెతికి వెతికి పట్టుకోవాల్సి వచ్చేది. "అభిషేక్ ఈరోజు పెన్సిల్ పోగొట్టుకోలేదు" అని చెప్పిన రోజులున్నాయి. చివర్లో రేపటి కార్యక్రమం చెప్పి, "తల్లిదండ్రులు గమనించగలరు" అని ముగించేదాన్ని. నంద్యాలలో మా ఆయన జీవన్ కుమార్ అనేవాడు, "ఇంట్లో నాతో మాట్లాడేదానికంటే ఆ ఫోనుతో మాట్లాడేదే ఎక్కువైపోయింది నీకు."

ఈ మాటల వరస పిల్లలకు నోటికి వచ్చేసింది. అందరికంటే బాగా పట్టింది కెజియా. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టీలు గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని, అచ్చం నాలాగా గొంతు సవరించుకుని, "నమస్కారం. ఈరోజు మన నాలుగో తరగతిలో పప్పులో ఉప్పు తక్కువ. రేపటి కార్యక్రమం కోడిగుడ్డు. తల్లిదండ్రులు గమనించగలరు" అనేది. పిల్లలంతా ఆ చివరి మాట కలిసి అరిచేవాళ్లు. నేను కోపం నటించి లోపలికి పోయి నవ్వుకునేదాన్ని.

కెజియా వాళ్లమ్మ మేరీ, నాయన సుందరరాజు ఏటా కోతకు పోయేవాళ్లే. రెండో తరగతిలో ఉన్నప్పుడు పిల్లను కూడా వెంటబెట్టుకుపోయి, ఏడాది చదువు మట్టిపాలు చేశారు. ఈసారి అట్లా జరగనివ్వనని, వాళ్లు బయల్దేరే రోజు పొద్దున్నే చర్చి వీధికి పోయాను. మేరీ చంకలో నెలల బిడ్డ సామేలు. మూటలు ట్రాక్టరు ఎక్కుతున్నాయి. కెజియా అవ్వ కొండమ్మ అరుగు మీద కూర్చుని, చూపు ఆనని కళ్లతో చప్పుళ్లు వింటోంది.

"కెజమ్మను అవ్వ కాడ ఇడ్సిపోతాండాం టీచరమ్మా" అంది మేరీ. "దాని సంగతి దినామూ ఫోన్లో చెప్పల్ల మీరు. నేను యాడున్నా నా చెవులు ఈన్నే ఉంటాయి."

"చెప్తాను. నువ్వు మాత్రం మధ్యలో దాన్ని పిలిపించుకోకూడదు. మార్చిలో తల్లిదండ్రుల సభ పెడతాం. ఏడాదంతా ఏం నేర్చుకున్నామో అందరి ముందర నిలబడి చెప్పేది కెజియానే. నువ్వు వచ్చి వినాలి."

మేరీ బిడ్డను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. "చేను యాడున్నా ఆ పొద్దుకు వచ్చేస్తా. మాట తప్పితే అడగండి."

ట్రాక్టరు కదిలింది. కెజియా ఏడవలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేను గెలిచాననే అనుకున్నాను.

నిజంగానే ఆ జనవరి బాగా గడిచింది. చర్చి వీధి నుంచి వచ్చే పిల్లలు అందరూ అవ్వల దగ్గరో, పెద్దమ్మల దగ్గరో ఉండిపోయారు. తల్లిదండ్రులకు రోజూ కబురు అందుతోంది కాబట్టే ధైర్యంగా వదిలిపోయారని మా హెడ్మాస్టరు శ్రీనివాసులు సార్ కూడా ఒప్పుకున్నాడు. ఆయన ఆ పక్క ఊరి రైతు కుటుంబంవాడు. తొందరగా ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు.

ఆదివారాలు మేరీ ఫోను చేసి అక్కడి విషయాలు చెప్పేది. ముఠాలో గట్టిగా వినపడే ఫోను సుందరరాజుదే. సాయంత్రం పొయ్యిలు ముట్టించే వేళకు దాన్ని రాతి మీద పెట్టి నా మాటలు అందరూ వింటారట. పిల్లలు లేనివాళ్లు కూడా చెవి ఒగ్గుతారట. ముఠాను నడిపే మేస్త్రి గోవిందమ్మ ఒకసారి ఆ ఫోన్లోంచే నాకు మెసేజి పెట్టింది. "టీచరమ్మా, నిన్న నీ మాట రాకపాయె. అన్నం సయించలేదు మాకు. ఆ పెన్సిలు పిలగాడు ఎట్లుండాడు?" నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎక్కడో కాలువ అవతల, ఎర్రటి చేల మధ్య కూర్చున్న మనుషులకు నా తరగతి గది వినబడుతోంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా మాటను అంత శ్రద్ధగా ఎవరూ విన్నది లేదు.

నెలాఖరులో ఒకరోజు ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు కడుపునొప్పని గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ తరగతి టీచరు సెలవు. నేను ఎత్తుకున్నా ఊరుకోలేదు, వంటామె బెల్లం పెట్టినా ఊరుకోలేదు. కెజియా వచ్చి వాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని వీపు నిమిరింది. మొహం కడిగింది. మజ్జిగన్నం మెత్తగా పిసికి ముద్దలు పెట్టింది. నా శాలువా అడిగి తీసుకుని, కిటికీ ఊచలకూ బెంచీకాలుకూ కట్టి ఉయ్యాల చేసింది. కాసేపటికి వాడు నిద్రపోయాడు. ఆ శాలువా ముడి నేను విప్పబోతే నాకు రాలేదు, అంత గట్టిగా వేసింది.

ఆ సాయంత్రం నా మెసేజి ఎప్పటికంటే పొడుగైంది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. "పిల్లల్ని ఆడించడం కెజియాను చూసి మేము నేర్చుకోవాలి. పెద్దవాళ్లు ఊరుకోబెట్టలేని పిల్లవాణ్ణి ఒంటిచేత్తో ఊరుకోబెట్టింది. చెయ్యి తిరిగిన తల్లిలాగా చూసుకుంది. కెజియా తల్లిదండ్రులకు మా బడి తరఫున అభినందనలు" అన్నాను. దూరాన ఉన్న తల్లి మురిసిపోవాలని చెప్పాను. మురిసిపోయే ఉంటుంది.

ఆ ఆదివారం మేరీ ఫోను చేయలేదు.

రెండు రోజులు పోయాక, గుణకారం లెక్క చేయిస్తుంటే గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. సుందరరాజు. కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నాయనా" అంటూ కెజియా బెంచీలోంచి లేచింది.

శ్రీనివాసులు సార్ తన గదిలోంచి వచ్చాడు. "ఏం సుందరరాజూ, అప్పుడే అయిపోయినాయా కోతలు?"

"యాడ అయితాయి సార్. ఇంకా మొదటి కోతే. పాపను తీస్కపోదామని వచ్చినా."

నా చేతిలో సుద్దముక్క అట్లాగే ఉంది. "ఎందుకు?" అన్నాను.

"సామేలుగాడు ఘాటుకు తట్టుకోలేకుండాడు టీచరమ్మా. దగ్గీ దగ్గీ తాగిన పాలు తాగినట్లే కక్కుతాండాడు. గట్టున పండబెడ్తే గాలి అట్లే కొడ్తాంది. ఎవురో ఒగరు వాన్ని ఎత్తుకోని కాలువ అవతల గుడిసె కాడ ఉండల్ల. పాలప్పుడు మేరీ పోయి ఇచ్చొస్తాది."

"మేరీనే ఉండమను."

"ముఠాలో జంటకు జంట లెక్కమ్మా. ఒగ సాలు నాది, ఒగ సాలు ఆయమ్మది. ఒగరు కూచుంటే రెండోవాన్ని కూడా పొమ్మంటారు. గోవిందమ్మ మంచిదే, ఇన్నాళ్లు ఊరుకునింది. ఆయమ్మ మాత్రం ఏం చేస్తాది?"

"మీ అమ్మను తీసుకుపో."

"మాయమ్మకు కండ్లు ఆనవు. ఆయమ్మను ఒగరు పట్టుకోవల్ల, బిడ్డను ఒగరు పట్టుకోవల్ల."

"బిడ్డనే ఇక్కడికి పంపు. కెజియా, అవ్వ కలిసి చూసుకుంటారు. నేనూ చూస్తాను."

"పాలు తాగే బిడ్డ గదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

దేనికీ అడ్డం చెప్పే వీలు లేకుండా మాట్లాడుతున్నాడు. గొంతులో కోపం లేదు, తాగిన వాసన లేదు. ఆ రెండిట్లో ఏది ఉన్నా నాకు కొంచెం బలంగా ఉండేది. నేను చివరి మాట వాడాను. "సుందరరాజూ, అది చిన్నపిల్ల. నెలల బిడ్డను రోజంతా చూసుకోవడం దానికేం చేతనవుతుంది?"

అతను నా వైపు చూసి, జేబులోంచి ఫోను తీశాడు. "మేమూ అట్లే అనుకుంటిమమ్మా" అని, వేలితో వెతికి నొక్కాడు.

నా గొంతే వచ్చింది. వరండాలో కూర్చుని నేను చెప్పిన మాటలన్నీ, ఒళ్లో బోర్లా వేసుకోవడం, మజ్జిగన్నం, ఉయ్యాల, చెయ్యి తిరిగిన తల్లి, అన్నీ ఆ ఫోన్లోంచి గది నిండా వినిపించాయి. పిల్లలు వాళ్ల పేర్లు వచ్చినప్పుడల్లా ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆఖర్న "తల్లిదండ్రులు" అని నా గొంతు అనగానే, అలవాటు కొద్దీ తరగతంతా ఒక్కసారిగా "గమనించగలరు" అని అరిచి నవ్వింది. అందరికంటే గట్టిగా అరిచింది కెజియా.

సుందరరాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ముఠా అంతా ఇన్న్యారమ్మా. ఇంగ మేరీ మాత్రం ఏమని అడ్డం చెప్తాది? ఒగ రాత్రి ఏడ్సింది, ఊరుకునింది."

శ్రీనివాసులు సార్ వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టలు గురించి ఏదో ఎత్తి మధ్యలో ఆపేశాడు. పిల్లను ఉంచడానికి చోటు లేక కాదు కదా వచ్చింది. బిడ్డను పట్టుకోవడానికి చేతులు లేక వచ్చింది. చేతులు ఇచ్చే హాస్టలు ఎక్కడా లేదు. నంద్యాలలో మా ఇంట్లో పెట్టుకుని చదివిస్తానని నేనూ అన్నాను. అన్నాక ఆ మాట నాకే వెర్రిగా వినిపించింది.

కెజియా సంచిలో పుస్తకాలు సర్దుకుంది. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. "టీచర్, సభలో నేను చెప్పేది ఎవురికీ ఇయ్యొద్దండి. అమ్మతో పాటు వస్తా గదా."

"ఇవ్వను" అన్నాను.

సాయంత్రం కొండమ్మ ఇంటికి పోయాను. ముసలామె ఆ అరుగు మీదే కూర్చుని ఉంది. నా అడుగు పసిగట్టి తల ఎత్తింది. "పోయింది తల్లీ. నాకు అన్నం తట్ట యాడుందో చెయ్యి పట్టుకోని చూపిచ్చేది అది. నీళ్లచెంబు యాడ పెట్టిందో చెప్పేది. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటారు వాళ్లు. ఒగ మాట ఆపకూడదా?"

"ఆపానవ్వా. వినలేదు" అన్నాను.

"నీ మాటలు దినామూ ఇంటారంటనే" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు, అర్థంకాక అడిగింది. పక్కింటివాళ్లు రెండు పూటలా చూసుకుంటారని తెలుసుకుని వచ్చేశాను.

ఆ మర్నాడు మెసేజిలో కెజియా పేరు చెప్పలేదు. బడిలో లేని పిల్ల గురించి ఏం చెబుతాను? బస్సు నంద్యాల చేరేలోపే మేరీ ఫోను.

"టీచరమ్మా, అందరి పేర్లూ వచ్చినాయి. కెజమ్మది రాలే. పాప ముందునించి మళ్లా పెట్టుకోని ఇనింది, ఇంగా రాలే."

"అది ఇక్కడ లేదు కదా మేరీ."

అవతల బిడ్డ దగ్గు వినిపించింది. "ఏందో ఒగటి చెప్పండమ్మా. పేరన్నా అనండి. అన్నం ముట్టకుండా కూచునింది."

అప్పటి నుంచి రోజూ అన్నాను. కెజియా తమ్ముణ్ణి చూసుకుంటోంది, మనమంతా ఆమెను తలుచుకున్నాం. బెంచీలో కెజియా చోటు అట్లాగే ఉంది. కెజియా నాటిన బంతిమొక్క మొగ్గ తొడిగింది. రోజుకొకటి వెతుక్కుని చెప్పేదాన్ని. అభిషేక్ పెన్సిల్ కంటే కష్టమైంది నాకు. తరగతిలో ఏం నేర్చుకున్నారో తల్లిదండ్రులకు తెలియజేయడం నా పని. నేర్చుకోని పిల్ల గురించి తెలియజేయడం ఎట్లాగో నాకెవరూ చెప్పలేదు. మొగ్గ పూవైంది, పూవు వాడింది, చెప్పడానికి అదీ అయిపోయింది.

ఊరికే కూర్చోలేదు. ఆ దగ్గర్లో బడి ఎక్కడుందో శ్రీనివాసులు సార్ ఎవరెవరినో పట్టుకుని కనుక్కున్నాడు. అక్కడి టీచరు ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడింది. పంపండి, తప్పకుండా కూర్చోబెట్టుకుంటాను అంది. బిడ్డను ఎత్తుకుని వచ్చినా సరేనంది. ఆ సంగతి నేను మేరీకి చెప్పేసరికి ముఠా ఆ చేను ముగించి ఇంకో ఊరి చేనుకు మారిపోయింది. మళ్లీ కనుక్కున్నాం. మళ్లీ మారింది. మూడోసారి సార్ ఫోను బల్ల మీద పెట్టి, "మనం ఆడ బడి యాడుందని ఎతికేలోపల వాళ్లకు చేను అయిపోతాంది పరంజ్యోతీ" అన్నాడు.

మార్చి వచ్చింది. సభ రోజు దగ్గరపడింది. మేరీ వస్తానంటూనే ఉంది. "కోత కడాకు వచ్చింది టీచరమ్మా. గోవిందమ్మను అడిగినా, సరే అనింది. ముందురోజు ఎక్కితే పొద్దున్నే ఆళ్లగడ్డలో దిగుతాం." కెజియా ఫోను లాక్కుని తను చెప్పాల్సిందంతా గడగడా అప్పజెప్పింది. ఒక్క మాట తప్పు పోలేదు. వెనక సామేలు కేరింతలు కొడుతున్నాడు. సభకు పిల్లల చేత రంగు కాగితాలు కత్తిరించి కట్టించాను. మా ఇంటి నుంచి స్టీలు గ్లాసు ఒకటి కొత్తది తెచ్చాను, కెజియా మైకుకని.

ముందురోజు మధ్యాహ్నం ఆకాశం మబ్బు పట్టింది. మాకు ఇక్కడ చల్లటి గాలే తిరిగింది. అక్కడ కళ్లాల్లో ఎండుతున్న కాయంతా బయటే ఉంది. సాయంత్రం మేరీ ఫోను చేసింది. గాలి హోరులో ఆమె మాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. "పట్టలు కప్పుతాండాం... ఎవురూ కదలొద్దన్న్యారు... ఇట్లాంటప్పుడు ఇడ్సి వస్తే..." ఆ తర్వాత లైను తెగిపోయింది. మళ్లీ చేయబోయి మానుకున్నాను. చేసి ఏమనాలి? మాట తప్పితే అడగమంది.

పొద్దున సభకు జనం బాగానే వచ్చారు. ఆటోస్టాండు దగ్గర నన్ను అడిగిన తండ్రి ముందు వరసలోనే కూర్చున్నాడు. కొండమ్మను పక్కింటివాళ్లు నడిపించుకుని వచ్చారు. పదిన్నర బస్సు వెళ్లిపోయేదాకా మొదలుపెట్టకుండా చూశాను. ఆ బస్సులోంచి దిగినవాళ్లలో వాళ్లు లేరు. శ్రీనివాసులు సార్ గడియారం వైపు చూశాడు. నేను కెజియా బెంచీలోనే కూర్చునే సుకన్య వైపు చూశాను.

సుకన్య మంచిపిల్ల. కెజియా చెప్పగా చెప్పగా విని ఆమెకూ వచ్చు. గ్లాసు తీసుకుని నిలబడి, గొంతు సవరించుకుని, "నమస్కారం. ఈ ఏడాది మన నాలుగో తరగతిలో..." అని ఎత్తుకోగానే జనం గొల్లున నవ్వారు. చక్కగా చెప్పింది. మధ్యలో ఆగినచోట పిల్లలే అందించారు. ఎవరికీ ఇవ్వనని నేను చెప్పిన పాఠం అది. చివర్లో బడి మొత్తం ఆ మాట కలిసి అంటుంటే, కొండమ్మ పక్కామెను అడగడం నాకు వినబడింది. "మా కెజమ్మ గొంతు కాదే ఇది?"

ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం కూర్చుని, ఆ రోజు మెసేజి పెట్టాను. సభ బాగా జరిగిందని, సుకన్య బాగా మాట్లాడిందని, వచ్చిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలని చెప్పాను. అందరి పేర్లూ చెప్పాను. కెజియా దగ్గరికి వచ్చేసరికి, "కెజియా" అని ఆగి, "కెజియాను అందరూ అడిగారు" అన్నాను.

బస్సు ఊరు దాటింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోను మోగితే చూశాను. సుందరరాజు నంబరు నుంచి మెసేజి. గ్రూపులో కాదు, నాకు ఒక్కదానికే. చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు.

"నమస్కారం. నేను కెజియాని. ఈరోజు మన మిరపచేను తరగతిలో నేర్చుకున్న అంశాలు. కాయలు పట్టిన చేత్తో కండ్లు రుద్దుకోరాదని నేర్చుకున్నాము. బిడ్డ దగ్గితే ఎత్తుకోని గాలికి ఎదురుగా కాకుండా ఎనక్కు తిరిగి నడవల్లని నేర్చుకున్నాము. ముఠాకంతా ఎసరు ఎంత పొయ్యల్లనో గోవిందమ్మవ్వ నేర్పించింది. తెలుగు పుస్తకం సామేలు చించినాడు. సగం ఉంది. ఉన్నంత మటుకు చదివినాము. గోవిందమ్మవ్వ ఈరోజు ఎవురినీ తిట్టలేదు. నాయన కాలికి ముల్లు గుచ్చుకున్నా పని చేసినాడు. అమ్మ పట్టలు కప్పింది, ఒక్క కాయ కూడా తడవలేదు. సామేలు ఈరోజు రెండు తూర్లే దగ్గినాడు. సుకన్యకు అభినందనలు." అక్కడ ఆగింది. "కెజియా ఈరోజు ఏడవలేదు. రేపటి కార్యక్రమం. రేపు మేము చేను మారుతాము. యాడికి పోయేది ఇంకా చెప్పలేదు. టీచర్లు గమనించగలరు."

అచ్చం నా గొంతే, నేను మధ్యలో ఆగే తీరుతో సహా. దాన్ని మళ్లీ విన్నాను. పక్క సీటు ఆమె నా మొహం చూసి నీళ్ల సీసా ఇవ్వబోయింది. వద్దన్నాను. ఏడాదిపాటు ఊరూరికీ వినబడేట్టు మాట్లాడినదాన్ని, జవాబు చెప్పాలని మైకు గుర్తు మీద వేలు పెట్టి నొక్కిపట్టుకున్నాను. బాగా నేర్చుకున్నావనాలా? చదువు మానకు అనాలా? వచ్చేయమనాలా? శభాష్ అంటే, ఆ శభాష్ మళ్లీ ఆ రాతి మీద పెట్టుకుని ముఠా అంతా వింటుంది. బస్సు గతుకుల్లో పడి లేచింది. కండక్టరు టికెట్టు టికెట్టు అంటూ నా పక్కకు వచ్చాడు. వేలు జారి, మాటేమీ లేని మెసేజి వెళ్లిపోయింది.

కాసేపటికే జవాబు వచ్చింది. ఈసారి అది తన సొంత గొంతుతోనే మాట్లాడింది.

"టీచర్, బస్సు సప్పుడే వస్తాంది. మీరు చెప్పింది ఇనపడలే. మళ్లా చెప్పండి."